కేటలాగులో నా పాదం

మా కంపెనీ అచ్చు వేసే కేటలాగుల్లో మూడో పేజీ అంటే నాకు రోత. మొదటి పేజీలో బండి ఉంటుంది. రెండో పేజీలో బండి పక్కన నవ్వుతున్న దంపతులు, వాళ్ల చంకలో అరువు తెచ్చిన పాప. అక్కడిదాకా సహిస్తాను. మూడో పేజీలో అరచెయ్యంత అక్షరాలతో ‘లీటరుకు 24 కిలోమీటర్లు’ అని, దాని కింద ‘శక్తికి శక్తి, పొదుపుకు పొదుపు’ అని ఉంటుంది. ఆ ఇరవై నాలుగు ఇంజనుదని జనం అనుకుంటారు. కాదు. అది నా కుడి పాదానిది.

నా పేరు హయాసె మిసావో. యాభై నాలుగేళ్లు. కదలని బండిని నడపడం ఇరవై ఆరేళ్లుగా నా ఉద్యోగం. టొయామా ఊరి చివర మా పరీక్షశాలలో మూడో నంబరు గది నాది. ఆ గది నేలలో ఉక్కు రోలర్లు ఉంటాయి. బండి చక్రాలను వాటి మీద నిలిపి నాలుగు మూలలా గొలుసులతో కట్టేస్తారు. నేను లోపల కూర్చుని నడుపుతాను, చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. ఎదురుగా ఒక తెర మీద గీత పాకుతూ వస్తుంది. బండి వేగం ఆ గీత వెంట పోవాలి. పైకి రెండు కిలోమీటర్లు, కిందికి రెండు కిలోమీటర్లు తేడా వచ్చినా తప్పు కాదు. అలా ఇరవై నాలుగు నిమిషాల ముప్ఫై ఏడు సెకన్లు నడిపాక, తాగిన పెట్రోలును లెక్క కట్టి, ఆ అంకెను కేటలాగుకు ఎక్కిస్తారు.

ఆ రెండు కిలోమీటర్ల సందులోనే నా బతుకంతా గడిచింది. గీత పైకి ఎక్కేటప్పుడు నేను దాని అడుగు అంచున నడుస్తాను, దిగేటప్పుడు పై అంచున జారుతాను. యాక్సిలరేటరు పెడలును నొక్కను, దాని మీద పాదం ఆనిస్తాను, అంతే. అందుకోసం గుడ్డ బూట్ల అడుగును గీకి గీకి కాగితంలా చేసుకుంటాను. పక్క గదుల డ్రైవర్లు అదే బండిలో ఇరవై ఒకటిన్నర, ఇరవై రెండు తెస్తే నేను ఇరవై నాలుగు తెస్తాను. ‘హయాసె గారిది దేవుడిచ్చిన పాదం’ అని మా సెక్షన్ చీఫ్ నవాటా ప్రతి ఏడాది చివర విందులో గ్లాసు ఎత్తి మరీ చెప్పేవాడు. నేను సిగ్గుపడి తల వంచేదాన్ని. సిగ్గు నటన, సంతోషం మాత్రం నిజం.

ఇక ఆ ఇంజను. దాని కడుపు చిన్నది, అర లీటరుకు కాస్త పైన. పక్కన టర్బో అని నత్తగుల్ల ఆకారంలో ఒక డబ్బా. ఇంజను వదిలే పొగే అందులోని చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని కుక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది, చిన్న ఇంజను పెద్దదానిలా లాగుతుంది. పాదం తేలిగ్గా ఉన్నంతసేపు ఆ చక్రం బద్ధకంగా తిరుగుతుంది, ఇంజను పిసినారిలా తాగుతుంది. గట్టిగా నొక్కితే మాత్రం లేస్తుంది, లేచాక దాని దాహం దానిది. శక్తీ ఉంది, పొదుపూ ఉంది, రెండూ ఒకేసారి లేవు. అవ్వా కావాలి బువ్వా కావాలి అనేవాళ్లకు అవ్వను ఒక పేజీలో, బువ్వను ఇంకో పేజీలో చూపించి అమ్ముతాం.

మంచి ఇంజనే, దాన్ని కాదనను. దాన్ని చేసినవాళ్లు చెమటోడ్చి చేశారు. దానికి నా పాదం తొడిగి అమ్మినవాళ్లంటేనే నాకు అసహ్యం. ఆ వరుసలో నేనూ ఉన్నానని తెలియడానికి నాకు మొన్న ఆగస్టుదాకా పట్టింది.

మా అన్నయ్య ఇసాము కొండ మీది పల్లెలో సోయా పాలు విరగ్గొట్టి తోఫు చేస్తాడు. అక్కడి తోఫు గట్టిది, తాడుతో కట్టి చేత్తో పట్టుకుపోవచ్చు. దాన్ని చిన్న వ్యానులో వేసుకుని, బూర ఊదుకుంటూ, పదకొండు ఊళ్లు తిరుగుతాడు. ఆ ఊళ్లలో మిగిలినవాళ్లంతా ముసలమ్మలే. ఆ వ్యాను మా కంపెనీదే. మూడేళ్ల కిందట కొనేముందు నాకు ఫోన్ చేశాడు.

“ఇరవై నాలుగు అంటున్నారు, నిజమేనంటావా?”

“మేం కొలిచిందే వేస్తారు అన్నయ్యా,” అన్నాను.

అబద్ధం కాదు. అందుకే చెప్పడం తేలికైంది. కొలిచింది ఎవరో మాత్రం చెప్పలేదు. పరీక్ష గదిలో జరిగేది బయట చెప్పకూడదని కంపెనీ నియమం ఉంది. ఆ నియమం వెనక దాక్కోవడం నాకు అలవాటు.

అన్నయ్యకు మొదటి నెల పదిహేడు వచ్చింది. రెండో నెలా పదిహేడే. షోరూముకు వెళ్లి అడిగితే అక్కడి సేల్స్ మనిషి నవ్వి, ‘బండిలో ఏ లోపమూ లేదండీ, నడిపే పద్ధతిని బట్టి ఉంటుంది’ అన్నాడట. ఇంకొకడైతే బల్ల గుద్ది అడిగేవాడు. మా అన్నయ్య లేచి నిలబడి, ‘నా పాదం మోటుదండీ, మీకు శ్రమ ఇచ్చాను’ అని నడుము వంచి దండం పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి సర్వీసుకు వెళ్లినప్పుడల్లా అదే వరస, ఒక తోఫు కట్ట కూడా పట్టుకెళ్లి. మోసపోయినవాడే క్షమాపణ చెప్పుకునే దేశంలో సేల్స్ మనిషిగా పుట్టడం ఎంత అదృష్టమో.

బండితోబాటు వాళ్లు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ‘కేటలాగు అంకెను మీరూ అందుకోండి’ అని దాని పేరు. ఏసీ ఆపండి. అద్దాలు మూసి ఉంచండి, తెరిస్తే గాలి అడ్డుకుంటుంది. అనవసరమైన బరువు దించండి. అందులో పన్నెండు మాటలు ఉన్నాయి. ఆ పన్నెండూ నావే. ప్రచార విభాగం వాళ్లు ఒకరోజు కేకు పెట్టెతో వచ్చి, ‘మీరు ఎలా నడుపుతారో కాస్త చెప్పండి’ అని అడిగితే, దేవుడిచ్చిన పాదం కదా, ఉబ్బిపోయి పూసగుచ్చినట్టు చెప్పాను. నా గదిలో ఎప్పుడూ ఇరవై మూడు డిగ్రీలే. ఎండ లేదు, కొండ లేదు, వెనక తోఫు తొట్టెలు లేవు. అక్కడ ఏసీతో ఎవరికి పని?

ఆగస్టు పంతొమ్మిదిన కొండల అవతలి నుంచి వేడిగాలి దిగింది. ఆరోజు మా ఊళ్లో ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ఫుసాయె వదిన ఫోన్ చేసింది. అన్నయ్య వ్యాను తొమ్మిదో ఊరి మలుపులో మెల్లగా పక్కకు ఒరిగి వరి మడిలోకి దిగిపోయిందట. గట్టు మీద ఉన్న ముసలమ్మ వెళ్లి చూస్తే, అద్దాలన్నీ మూసి ఉన్నాయి, ఏసీ ఆపి ఉంది, అన్నయ్య స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. వెనక తోఫు మాత్రం మంచుముక్కల మధ్య చల్లగా ఉందట.

ఆసుపత్రికి పరిగెత్తాను. చేతికి సెలైన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. ముఖం ఉడకబెట్టిన పీతలా ఎర్రగా ఉంది. నన్ను చూసి అన్న మొదటి మాట ఇది:

“మీటరు చూశావా? ఇరవై ఒకటీ పాయింట్ నాలుగు.”

“మాట్లాడకు, పడుకో.”

“తొమ్మిదో ఊరికే ఇరవై ఒకటీ పాయింట్ నాలుగు. దిగేదారి ఇంకా మిగిలే ఉంది. ఇరవై రెండు దాటేదే.”

వదిన తడిగుడ్డ పిండుతూ నావైపు తిరిగింది. “విన్నావా? చచ్చి బతికిన మనిషి అడిగేది పెళ్లాం గురించి కాదు, మీటరు గురించి. వేసవిలో ఏసీ వేసుకోమంటే, అది చేతకానివాళ్లు వేసుకునేదట. నేను పక్కన కూర్చుంటే బరువట. పుస్తకంలో రాశారంట, అనవసరమైన బరువు దించమని. ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసి నేను అనవసరమైన బరువునయ్యాను.”

“ఒక్కసారి అన్నాన్లేవే,” అన్నాడు అన్నయ్య.

“రెండుసార్లు.”

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. గుండె ముందే బలహీనంగా ఉందని, ఇంకోసారి ఇలా వడదెబ్బ తగిలితే గుండె తట్టుకోదని, ఎవరైనా ఆయనకు నచ్చజెప్పాలని అన్నాడు. సరేనన్నాను. లోపలికి వచ్చేసరికి అన్నయ్య కళ్లు మూసుకునే మాట్లాడుతున్నాడు.

“నవంబరులో కొత్త మోడల్ వస్తోందట మిసావో. షోరూమాయన చెప్పాడు. ఇరవై ఆరట. ఈ పాతది నా పాదానికి లొంగలేదు. కొత్తది కొని, వచ్చే వేసవికి పాదం దారిలో పెట్టుకుంటా. ఎవరో ఒకళ్లు తెచ్చారు గదా ఆ ఇరవై ఆరు. వాళ్లకు చేతనైంది నాకెందుకు చేతకాదు?”

ఆ ఒకళ్లు ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నారు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ‘నీళ్లు తాగుతావా?’ అని వచ్చింది.

ఆసుపత్రి మరుగుదొడ్డిలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను. అద్దంలో ముఖం చూసుకుంటే, కేటలాగు రెండో పేజీలో నవ్వుతున్నవాళ్ల మీద ఇన్నాళ్లు నాకు ఎందుకంత కోపమో అర్థమైంది. వాళ్లూ నేనూ ఒకే జీతం తింటున్నాం.

ఇంటికి వస్తూ ఒక ఉపాయం ఆలోచించాను. పిరికివాళ్ల ఉపాయం. కొత్త మోడల్‌కు ఇంకా అంకె పుట్టలేదు. ప్రభుత్వానికి పంపే పరుగు సెప్టెంబరు నాలుగున, నా గదిలో, నా పాదంతో. షోరూమాయన చెప్పిన ఇరవై ఆరు మావాళ్ల ఆశ, అంతే. ఆరోజు నేను మామూలు మనిషిలా నడిపితే మామూలు అంకె వస్తుంది. కేటలాగులోనే తక్కువ అంకె ఉంటే అన్నయ్య దాని వెంట పడి చావడు. నేను నోరు విప్పి, ఇన్నేళ్లూ నిన్ను ఓడించింది నేనేనని చెప్పుకోవాల్సిన పనీ ఉండదు. పాము చావాలి, కర్ర విరగకూడదు.

నాలుగో తేదీన గుడ్డ బూట్లు వేసుకోలేదు. వీధిలో నడిచే మామూలు చెప్పులతోనే గదిలోకి వెళ్లాను. గీత కదిలింది. కళ్ల ముందు అన్నయ్య దారిని పెట్టుకున్నాను. గీత దిగింది, ఇదిగో రెండో ఊరు, వంతెన దగ్గర ముసలమ్మ చెయ్యి ఊపుతోంది, ఆగాలి. గీత లేచింది, ఇదిగో ఎత్తు, వెనక లారీ వాడు హారన్ కొడుతున్నాడు, నొక్కాలి. నత్తగుల్ల లేచి ఈల వేసింది. ఇరవై ఆరేళ్లలో ఆ గదిలో ఆ ఈల అంత గట్టిగా వినడం అదే మొదలు. ఒక్కసారి కూడా గీత హద్దు దాటలేదు. నియమం ప్రకారం చూస్తే వంక పెట్టడానికి వీల్లేని పరుగు.

ఇరవై రెండు పాయింట్ తొమ్మిది.

నవాటా పరుగెత్తుకు రాలేదు. ఆయన ఎప్పుడూ పరుగెత్తడు. బార్లీ టీ రెండు గ్లాసులు పట్టుకుని మెల్లగా వచ్చాడు.

“హయాసె గారూ, ఒంట్లో బాగుందా?”

“బాగుందండీ.”

“అన్నయ్య గారికి బాగాలేదని విన్నాను. మనసు అక్కడుంటే పాదం ఇక్కడ ఎలా ఉంటుంది? మాదే తప్పు, మీకు సెలవు ఇవ్వాల్సింది.”

“మనసు ఇక్కడే ఉందండీ. జనం ఎలా నడుపుతారో అలా నడిపాను.”

ఆయన టీ ఒక గుక్క తాగాడు. “జనం ఎలా నడుపుతారో మనకెందుకండీ? మనం పరీక్ష పెడుతున్నది బండికి. జనానికి కాదు.”

“బండికే అయితే నా పాదం ఎందుకండీ?”

“అదీ నిజమే,” అన్నాడు నవ్వుతూ. “అసలు అవసరం లేదు. మీతో చెప్పాలనే అనుకుంటున్నాం, సమయం చిక్కలేదు.”

ఆయన వెంట ఐదో నంబరు గదికి వెళ్లాను. కొత్త బండి ఇంకోటి రోలర్ల మీద ఉంది. డ్రైవరు సీట్లో మనిషి లేడు. మూడు ఉక్కు కడ్డీలు సీటుకు బిగించి ఉన్నాయి, ఒకటి గేరుకు, ఒకటి బ్రేకుకు, ఒకటి పెడలుకు. పక్కన తెర మీద ‘హయాసె–3’ అని రాసి ఉంది.

“ఆరేళ్లుగా మీ పెడలు కదలికలన్నీ దాచి ఉంచామండీ,” అన్నాడు నవాటా, పుట్టినరోజు కానుక ఇస్తున్నవాడి గొంతుతో. “మీలాంటి పాదం మళ్లీ దొరకదు. మీరు రిటైరైనా అది మాతోనే ఉంటుంది.”

మరను నడిపించాడు. ఉక్కు కాలు పెడలు మీద ఆనింది. నొక్కలేదు, ఆనింది. గీత పైకి ఎక్కుతుంటే అడుగు అంచున నడిచింది, దిగుతుంటే పై అంచున జారింది. నేను చూస్తూ నిలబడ్డాను. పదకొండో నిమిషం దగ్గర ఆ కాలు చిన్నగా ఒక్కసారి వణికింది.

అది నా వణుకు. నలభైయ్యో ఏట మంచులో జారి చీలమండ బెణికింది. అప్పటినుంచి పది నిమిషాలు దాటితే పాదం ఒకసారి అలా అదురుతుంది. ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు పని పోతుందని డాక్టరుకు కూడా చెప్పలేదు. ఇనుముకు చీలమండ లేదు, అయినా నా నొప్పిని పొల్లుపోకుండా నటిస్తోంది. చచ్చినవాళ్ల బట్టలు వేసుకుని ఎవరో నా ముందు తిరుగుతున్నంత రోత పుట్టింది.

ఇరవై ఆరు పాయింట్ ఒకటి.

“ఉదయం పరుగును డ్రైవరు అస్వస్థత కింద తీసేద్దాం,” అన్నాడు నవాటా. “దీన్నే పంపుదాం. ఒక్క చిన్న పని. కాగితంలో మరకు గడి లేదు, డ్రైవరు గడే ఉంది. కదలికలు మీవే కనక పేరూ మీదే. ఒక ముద్ర వేసేయండి.”

మా కాగితాల మీద నాలుగు గడులు వరసగా ఉంటాయి. కుడి చివర డ్రైవరు, దాని ఎడమన లీడరు, ఆపైన సెక్షన్ చీఫ్, ఎడమ చివర డిపార్ట్‌మెంటు అధిపతి. పేరు చెక్కిన ముద్రను ఎవరి గడిలో వాళ్లం వేస్తాం. నిటారుగా వేయం. ఎడమకు కాస్త వంచి వేస్తాం, పై అధికారి ముద్రకు మన ముద్ర నమస్కారం పెడుతున్నట్టు. ఎవరూ రాసిన నియమం కాదు. చేరిన మొదటి వారంలో ఒక పెద్దావిడ చెవిలో చెప్పింది, అంతే, ఇరవై ఆరేళ్లు వంచాను. ఒప్పుకోనివాళ్లు తలకిందులుగా వేస్తారని కూడా ఆవిడే చెప్పింది. అలా వేసినదాన్ని నేను ఒక్కసారే చూశాను. వేసినాయన మరుసటి ఏప్రిల్‌లో గోదాముకు బదిలీ అయ్యాడు.

తలకిందులుగానే వేద్దామని ముద్ర తీశాను. నిజంగా అనుకున్నాను. ముద్రకు ఒక పక్క చిన్న గాడి ఉంటుంది, చూపుడువేలు అక్కడ పెడితే పై వైపు ఏదో చూడకుండానే తెలుస్తుంది. నా వేలు దానంతట అదే ఆ గాడిలోకి వెళ్లింది. మణికట్టు దానంతట అదే ఎడమకు తిరిగింది. చెయ్యి ఎత్తి చూస్తే ‘హయాసె’ ఎర్రగా, ముచ్చటగా, వంగి నమస్కారం పెడుతోంది.

“శ్రమ ఇచ్చానండీ,” అని నవాటా కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

నా పాదాన్ని మర నేర్చుకుందని ఏడ్చినదాన్ని, నా చేతిని చూసి ఏమనాలి? అది ఎప్పుడో మరైపోయింది.

ఆదివారం కొండ ఎక్కాను. అన్నయ్య ఆసుపత్రి నుంచి వచ్చి వారం దాటింది. ఇంటి ముందు వ్యాను పక్కన నిలబడి, మడిలో పడ్డప్పుడు విరిగిన పక్క అద్దం మార్చాక అది ఎలా ఉందో చూసుకుంటున్నాడు. సెప్టెంబరు అయినా ఎండ తగ్గలేదు. ముందురోజు వద్దన్నా వినకుండా ట్యాంకు నింపించి, నాలుగు ఊళ్లు తిరిగి వచ్చాడట. ఏసీ వేయలేదట. వదిన గడపలో నిలబడి చిక్కుళ్లు ఒలుస్తోంది, నాతో మాట్లాడింది గాని ఆయనవైపు చూడలేదు.

“చెప్పు నీ అన్నకి. నేను చెప్పీ చెప్పీ నోరు ఎండిపోయింది.”

“ఇరవై ఒకటీ పాయింట్ ఎనిమిది,” అన్నాడు అన్నయ్య, వ్యాను తలుపు తట్టి.

“అన్నయ్యా, ఆ ఇరవై నాలుగు నాది.”

“ఏది నీది?”

“కేటలాగులోది. తెచ్చింది నేను. గదిలో, గొలుసులు కట్టిన బండిలో, కాగితంలాంటి బూట్లేసుకుని. ఎండ లేదు, కొండ లేదు, తోఫు లేదు. ఇంకెవళ్లు నడిపినా రాదు. మా కంపెనీలోనే ఇంకెవళ్లకీ రాలేదు.”

నేను ఆపకుండా చెప్పాను, ఆపితే మళ్లీ చెప్పలేనని. చిన్న పుస్తకంలోని పన్నెండు మాటలూ నావేనని చెప్పాను. కొత్త బండి ఇరవై ఆరును నా పాదాన్ని దొంగిలించిన ఇనప కాలు తెచ్చిందని, అయినా పేరు నాదేనని చెప్పాను.

వదిన చేతుల్లో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. “అనవసరమైన బరువు కూడా నువ్వు చెప్పిందేనా మిసావో?”

“నేనే, వదినా.”

వదిన చిక్కుళ్ల బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏదైనా అంటే బాగుండేది.

అన్నయ్య వ్యాను చక్రాన్ని కాలితో తట్టాడు.

“మూడేళ్లనించి నేను పోటీ పడింది నీతోనా?”

“నాతోనే.”

“అది కేటలాగుకి వెళ్లేముందు నువ్వు కాగితం మీద ముద్ర వేశావా?”

“వేశాను. మొన్నది కూడా.”

“వంచి వేశావా?” ఆ వంపు సంగతి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనే అతనికి చెప్పాను.

“వంచే వేశాను.”

అతను పక్కకు తిరిగి నేల మీద ఉమ్మేశాడు. నా అన్నయ్య ఉమ్మడం నేను అంతకుముందు చూడలేదు. ఇంటి ముందు అసలే ఉమ్మడు. అది నా మీదో, కంపెనీ మీదో, సేల్స్ మనిషి ముందు వంగిన తన నడుము మీదో నాకు తెలియదు. మూడింటికీ సరిపోతుంది.

“ఏడుసార్లు దండం పెట్టానే వాడికి,” అన్నాడు. “తోఫు కూడా ఇచ్చాను. మంచి తోఫు.”

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. మా ఇంట్లో ఆ మాట అప్పటికే అతను ఒక్కడే వాడి అరగదీశాడు.

“అయితే నా పాదం మంచిదేనా?”

“నీ పాదంలో ఏ తప్పూ లేదన్నయ్యా. ఎప్పుడూ లేదు.”

అతను వ్యాను తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. నాకు అవతలి తలుపు చూపించాడు. ఎక్కాను. సీటు కాలిపోతోంది. తాళం తిప్పాడు, ఇంజను లేచింది. కొత్తల్లో బండి తెచ్చినప్పుడు ఏసీ మీట మీద అతికించి ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. మూడు వేసవులు దాన్ని ఎవరూ తాకలేదు. అన్నయ్య గోటితో దాన్ని ఒలిచి, మీటను చివరిదాకా తిప్పాడు. మొదట వేడిగాలి, పాత దుమ్ము వాసన వచ్చాయి, ఆ తర్వాత చల్లగా తగిలింది.

బండి కదల్లేదు. ఇద్దరం మీటరు వైపు చూస్తూ కూర్చున్నాం. ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది, ఇరవై ఒకటి పాయింట్ ఏడు అయింది. కాసేపటికి ఇరవై ఒకటి పాయింట్ ఐదు. నా పాదం అలవాటుగా ఖాళీ నేల మీద ఆనింది. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు.

“ఆపనా అన్నయ్యా? పెట్రోలు పోతోంది.”

అతను సీటు వెనక్కి వాల్చి, చొక్కా పై గుండీ విప్పాడు.

“దిగనీ అంకె,” అన్నాడు. “పోయి మీ వదినని కూడా పిలు.”